తీసేసిన ట్రైనర్, ఆపరేషనైన మోకాలు

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో డివిజన్-1 (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) యూనివర్సిటీలో సాకర్ ఆడుతోంది. రెండో ఏడు. మోకాలికి ఏసీఎల్ (లోపలి లిగమెంటు) ఆపరేషన్ అయి నాలుగు నెలలైంది. బడ్జెట్ లోటని క్రీడావిభాగంలో కొందరిని తీసేశారు. రోజూ దీనిచేత ఎక్సర్‌సైజులు చేయించే ట్రైనర్, చదువు చూసే అడ్వైజర్ ఇద్దరూ పోతున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌కి కోట్లిస్తూ వీళ్ల జీతాలే బరువయ్యాయా? పిల్లని వేరే కాలేజీకి మార్చేయమంటారా?
- ఒక తల్లి, ఒహాయో

జవాబు: అమ్మా, నేనూ అలాంటి విభాగంలో అడ్వైజర్‌గా పనిచేసినదాన్నే. మీ కోపం న్యాయమైనది.

కాలేజీ ఆటగాళ్లు తమ వాటా కోసం వేసిన హౌస్ కేసులో రాజీని 2025 జూన్‌లో కోర్టు ఆమోదించాక, జులై 1 నుంచి కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వవచ్చు. మొదటి ఏడు ఒక్కో కాలేజీకి పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. ఆటగాళ్లకు వాటా దక్కాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ సొమ్ము ఎక్కడినుంచో తేవాలి కదా. పెద్ద కోచ్‌ల జోలికి వెళ్లలేరు, వాళ్ల కాంట్రాక్టులు అలాంటివి. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని తప్పించినప్పుడు ఆయనకు కట్టాల్సింది 7.5 కోట్ల డాలర్ల పైమాటే. ట్రైనర్‌కి అలాంటి రక్షణ ఏదీ? వేటు పడేది అక్కడే. పైగా జట్టును ఎత్తేస్తే గోల అవుతుంది. 2020లో స్టాన్‌ఫర్డ్ 11 క్రీడలు ఆపేస్తామంటే పూర్వ విద్యార్థులు పోరాడారు, మరుసటి ఏడు మేలో యూనివర్సిటీ వెనక్కి తగ్గింది. 2020 నాటి ఆ ప్రకటనలోనే 20 మంది సిబ్బంది ఉద్యోగాలు పోతాయనీ ఉంది. ఆ సంగతి ఎంతమందికి గుర్తుంది?

ఇక మీ అమ్మాయి విషయం. మంచి ట్రైనర్ మోకాలు వంచి కోణం కొలుస్తుంది, టేపుతో రెండు తొడల చుట్టుకొలతా చూసి ఆపరేషనైన వైపు కండ ఎంత పుంజుకుందో రాసుకుంటుంది. ఆ అంకెలు ఫైల్లో ఉంటాయి. "బాగానే ఉంది" అంటూ పిల్ల పళ్లు బిగపట్టిందన్నది మాత్రం ఏ ఫైల్లోనూ ఉండదు. అందుకే ట్రైనర్ వెళ్లేలోపు ఆవిడా, అమ్మాయీ కూర్చుని ఆ ఫైలు మొత్తం చూసుకోవాలి. ఏది చేస్తే నొప్పొస్తోంది, ఎక్కడ తొందరపడుతోంది, అన్నీ కాగితం మీద పెట్టించుకోమనండి.

తర్వాత విభాగానికి ఈమెయిల్ రాయాలి. రాయాల్సింది అమ్మాయే. పద్దెనిమిది దాటిన విద్యార్థి వివరాలు ఆమె అనుమతి లేనిదే మీతో మాట్లాడరు. కొత్త ట్రైనర్ ఎవరు, ఆ మనిషి చేతిలో ఎన్ని జట్లున్నాయి, ప్రాక్టీసు దగ్గర ఎవరుంటారు అని పేర్లతో సహా అడగాలి. ఎప్పుడు మైదానంలోకి దిగాలో తేల్చేది డాక్టరు, ట్రైనర్‌లే, కోచ్ కాదు. ఇది కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనే. ఆరోగ్య వ్యవహారాలకు బాధ్యుడైన అధికారి ఒకరు ప్రతి డివిజన్-1 కాలేజీలో ఉండాలి. కోచ్ తొందరపెడితే నేరుగా ఆ అధికారి దగ్గరికే వెళ్లాలి, మొహమాటం వద్దు.

చదువు సంగతి దీనికంటే తక్కువేం కాదు. మూడో ఏడు ఆడాలంటే అప్పటికి డిగ్రీలో 40 శాతం పూర్తయి ఉండాలి. మేజర్ (ప్రధాన సబ్జెక్టు) డిపార్ట్‌మెంటు అడ్వైజర్‌కి క్రెడిట్ల లెక్క తెలుస్తుంది గానీ ఈ నిబంధన తెలియకపోవచ్చు. ఇప్పుడే క్రీడా నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకి వెళ్లి లెక్క చూపించుకోమనండి.

కాలేజీ మారడమా? ఈ ఏడు వద్దనే నా సలహా. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెడితే ఆ టర్మ్ ముగిశాక ఇప్పటి కాలేజీ స్కాలర్‌షిప్ ఆపేయవచ్చు. ఇక్కడి క్రెడిట్లన్నీ అక్కడ చెల్లుతాయన్న భరోసా లేదు. కోలుకోని మోకాలితో వచ్చే అమ్మాయిని కొత్త కోచ్ ఎంత ఉత్సాహంగా తీసుకుంటాడో మీరే ఆలోచించండి. ఈ ఏసీఎల్ గాయానికి సాధారణంగా తొమ్మిది నెలలైనా పడుతుంది. కాలు పూర్తిగా నిలబడ్డాక, అప్పటికీ అక్కడ సరైన ట్రైనర్ లేకపోతే, మారడం గురించి మాట్లాడదాం. అప్పుడు మళ్లీ రాయండి.