100 ఎంబీపీఎస్ లైన్ ఉన్నా బీజీఎంఐలో పింగ్ 200 ఎందుకు దాటుతుంది?

అడిగిన ప్రశ్న ఇదీ: "అన్నా, మాది కావలి. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్. స్పీడ్ టెస్ట్ కొడితే 95 పైనే చూపిస్తుంది. రాత్రిపూట బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా ఆట) ఆడుతుంటే మాత్రం పింగ్ 40 నుంచి 200కి ఎగిరిపోతా ఉంది. ప్లాన్ 300కి మార్చాలా, గేమింగ్ రూటర్ కొనాలా, ఫోనే మార్చాలా?"

మూడూ వద్దు తమ్ముడూ. జేబులో చెయ్యి పెట్టేలోపు జబ్బు యాడుందో తేల్చుకో. అరగంట పని.

స్పీడ్ టెస్ట్ చెప్పేది సెకనుకు ఎంత డేటా దిగుతోందని. పింగ్ చెప్పేది ఒక చిన్న డేటా ప్యాకెట్ ఆట నడిపే కంప్యూటర్ (సర్వర్) దాకా పోయి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందని. మ్యాచ్ నడిచేటప్పుడు బీజీఎంఐ ఒక ఎంబీపీఎస్ కూడా పూర్తిగా వాడుకోదు. కాబట్టి 100తో కుదరని ఆట 300తోనూ కుదరదు. దూరం వంక కూడా పనికిరాదు. సర్వర్ ముంబైలో ఉందనుకో, ఫైబర్ దారి 1,500 కిలోమీటర్లనుకో. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. రానూపోనూ 3,000 కిలోమీటర్లకు 15 మిల్లీసెకన్లు. మధ్యలో పరికరాలన్నీ కలుపుకొని 30, 40 అయితే మామూలే. పైనున్న 160 యాడో క్యూలో ఆగిన టైమన్నమాట.

ఆ క్యూ యాడుందో పట్టుకోవాలంటే, నువ్వు రోజూ ఆడే చోటనే కూర్చుని, ఆడే టైమ్‌లోనే రెండు పింగ్‌లు కొట్టు. ప్లే స్టోర్‌లో పింగ్ యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. మొదటిది మీ రూటర్‌కే: వైఫై వివరాల్లో గేట్‌వే అని కనిపించే నంబరు, ఎక్కువగా 192.168.1.1 ఉంటుంది. రెండోది బయటికి: 8.8.8.8, అది గూగుల్ సర్వర్ నంబరు. ఒక్కోదానికి కనీసం 200 ప్యాకెట్లు పంపు. సెకనుకు ఒకటి పంపితే మధ్య ఖాళీలో ఫోన్ వైఫైని కునుకు తియ్యనిస్తుంది, దాంతో దొంగ లెక్క వస్తుంది. సెకనుకు ఐదు పంపేలా పెట్టుకో, స్క్రీన్ ఆరిపోకుండా చూసుకో. ఒకటీ అరా ఎగిరితే వదిలెయ్, పదేపదే ఎగురుతుందా అన్నదే చూడాలి.

రూటర్ పింగ్ 2 నుంచి 5 మధ్య నిలబడాలి. అదే 80, 150 అని గంతులేస్తుంటే తప్పు కంపెనీది కాదు, మీ వైఫైది. మన వైపు ఇళ్లలో ఎక్కువ భాగం ఇదే. కేబులతను వైరు లోపలికి లాగలేక వాకిలి పక్కనే టీవీ వెనక రూటర్ తగిలించి పోతాడు, పిల్లలేమో మిద్దె మీద గదిలో ఆడతారు. మధ్యలో ఇనుప కమ్ములున్న స్లాబు. వైఫై సిగ్నల్‌కు 5 గిగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లుంటాయి. 5 ఆ స్లాబును దాటలేక, ఫోన్ చప్పుడు లేకుండా 2.4కి దిగిపోతుంది. ఆ 2.4లో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు మూడే: 1, 6, 11. సందులో పది రూటర్లుంటే అందరూ ఆ మూడింటి మీదే కొట్టుకుంటారు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కూడా అదే 2.4 మీద నడుస్తాయి. పైగా బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది; అడుగుల చప్పుడు వినిపించేసరికి అవతలోడు కాల్చేసి ఉంటాడు. వైరు ఇయర్‌ఫోన్ వాడు.

రూటర్ సెట్టింగుల్లో (బ్రౌజర్‌లో ఆ గేట్‌వే నంబరు కొడితే తెరుచుకునే పేజీ) రెండు బ్యాండ్లను కలిపే ఆప్షన్ ఆపేసి, రెండింటికీ వేరే పేర్లు పెట్టు. ఆటకు 5 గిగాహెర్ట్జ్ పేరుకే కనెక్ట్ అవ్వు. (ఆ పేరులో 5జీ అని ఉంటే సిమ్ 5జీ అనుకునేరు, దానికీ దీనికీ సంబంధం లేదు.) రూటర్‌ని ఆడే గదికే మార్చగలిగితే అంతకంటే మందు లేదు. మార్చలేకపోతే, నన్నడిగితే గేమింగ్ రూటర్ కన్నా క్యాట్ 6 రకం నెట్‌వర్క్ వైరు మేలు. రూటర్ నుంచి గదికి లాగి, టైప్ సి నుంచి ఈథర్‌నెట్‌కి మార్చే అడాప్టర్‌తో ఫోన్‌కే గుచ్చొచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు తీసుకుంటాయి. ఒప్పో, రియల్‌మీ లాంటి వాటిలో మాత్రం సెట్టింగుల్లో ఓటీజీ (ఫోన్‌కు బయటి పరికరాలు తగిలించనిచ్చే ఆప్షన్) ఆన్ చెయ్యాలి. ఒక్కసారి చేశాం కదా అనుకోవద్దు, కాసేపు ఖాళీగా ఉంటే దానంతటదే ఆఫ్ అయిపోతుంది. అడాప్టర్ పాడైందని అంగడికి తిరిగిచ్చేవాళ్లలో చాలామంది ఈ స్విచ్ చూసుకోనివాళ్లే.

రూటర్ పింగ్ బాగుండి బయటి పింగ్ ఎగిరితే, లైన్‌ను తిట్టేముందు ఇంట్లోవాళ్ల ఫోన్లు చూడు. అమ్మ ఫోన్‌లో పెళ్లి ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌కి ఎక్కుతుంటాయి, వాకిట్లో కెమెరా రికార్డింగ్ పైకి పంపుతుంటుంది. ఇదంతా అప్‌లోడ్. రూటర్ ఆ ప్యాకెట్లను వరుసలో నిలబెడుతుంది, నీ ఆట ప్యాకెట్ వాటి వెనకాల నిలబడాలి. లెక్క చూడు: వరుసలో ఒక ఎంబీ సరుకుంది, అంటే 8 మెగాబిట్లు. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ అయితే అది ఖాళీ అవ్వడానికి 0.8 సెకను, అంటే 800 మిల్లీసెకన్లు. జాతీయ రహదారి ఆరు లైన్లున్నా టోల్ గేటు దగ్గర ఒక్క కౌంటరే తెరిచినట్టు. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. పరీక్ష తేలిక: పింగ్ నడుస్తుండగా ఇంకో ఫోన్ నుంచి పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టు. పింగ్ ఎగిరి, అప్‌లోడ్ ఆపగానే దిగిందంటే దొరికినట్టే. ఫొటోల బ్యాకప్‌ను నువ్వు ఆడని టైమ్‌కు మార్చు. రూటర్‌లో ఎస్‌క్యూఎం (ఈ వరుసను అదుపులో పెట్టే స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్) ఉంటే అప్‌లోడ్ పరిమితిని అసలు వేగంలో 85 నుంచి 90 శాతానికి కట్టెయ్, వరుస పెరగదు. గేమింగ్ రూటర్‌కు ఎన్ని యాంటెనాలున్నాయని కాదు, ఈ ఎస్‌క్యూఎం ఉందా అని అడగాలి. పెట్టె మీద డ్రాగన్ బొమ్మ ఉంటుంది గానీ ఈ మాట ఉండదు.

ఇంట్లో ఎవరూ వాడకపోయినా బయటి పింగ్ ఎగురుతుంటే అప్పుడు లైన్ సంగతి. తెల్లవారి ఐదుకొకసారి, రాత్రి తొమ్మిదికొకసారి కొట్టి రెండూ స్క్రీన్‌షాట్ తీసుకో. తెల్లవారి బాగుండి రాత్రే చెడితే, ఆపరేటర్ దగ్గర బయటికి పోయే లైన్ ఇరుకైందని అర్థం, ఇంట్లో ఏం మార్చినా దండగ. రెండుసార్లూ చెడితే రూటర్ పేజీలో ఆప్టికల్ ఆర్ఎక్స్ పవర్ చూడు, అంటే ఫైబర్‌లో నీ దాకా వచ్చే వెలుతురు బలం. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరికి పోతే ప్యాకెట్లు రాలుతుంటాయి. బీరువా వెనక ఫైబర్ మడతపడిందా, ఆకుపచ్చ మొన కనెక్టర్ ఉండాల్సిన చోట నీలం మొనది గుచ్చారా చూడు. తీగ మొనలోకి మాత్రం కన్ను పెట్టి చూడొద్దు. ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ స్లో" అంటే స్పీడ్ టెస్ట్ కొట్టి చూపించి వెళ్లిపోతారు. "గేట్‌వేకి 3, బయటికి 180, ఆర్ఎక్స్ మైనస్ 28" అని అంకెలు చెప్పు, ఫైబర్ తీగలు అతికించే స్ప్లైసింగ్ మిషన్‌తో వస్తారు.

రెండు పింగ్‌లూ బాగుండి ఆట మాత్రం తడబడితే అది ల్యాగ్ (నెట్ ఆలస్యం) కాదు, ఫ్రేమ్‌లు పడిపోవడం, అంటే ఫోన్ సెకనుకు గీసే బొమ్మలు తగ్గిపోవడం. వేసవిలో మన నెల్లూరు, ఒంగోలు ఎండ సంగతి చెప్పాలా. చాలా ఫోన్లు 35 డిగ్రీల లోపు గదిని బట్టి చేసినవి. అంతకు మించితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కవర్ తీసెయ్, చార్జింగ్ పెట్టి ఆడొద్దు, గ్రాఫిక్స్ స్మూత్‌లో ఉంచి ఫ్రేమ్ రేటు ఎక్స్‌ట్రీమ్ పెట్టు, అది సెకనుకు 60 ఫ్రేమ్‌లు. పడుతూ లేస్తూ నడిచే 90 కన్నా కదలకుండా నిలబడే 60 నయం. ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు, బయటికి తియ్యగానే లోపల చెమ్మ పడుతుంది, ఆ పని చెయ్యకు.

డీఎన్ఎస్ మారిస్తే పింగ్ తగ్గుతుందనే వీడియోలు నమ్మొద్దు. డీఎన్ఎస్ పని సర్వర్ పేరుకు అడ్రస్ వెతికిపెట్టడంతో అయిపోతుంది, మ్యాచ్‌లో దానికి పనిలేదు. స్టాటిక్ ఐపీ (మారని నెట్ అడ్రస్) కూడా ఆటకు దండగే. నీ డేటాను ఇంకో సర్వర్ మీదుగా తిప్పే వీపీఎన్ ఎక్కువసార్లు దారి పొడుగు చేస్తుంది. సెట్టింగులు మార్చే జీఎఫ్ఎక్స్ టూల్స్ జోలికి పోతే ఐడీ బ్యాన్ అయ్యే ప్రమాదం ఉంది.

ఇంకొకటి, కరెంటు రెప్పపాటు పోయొచ్చినా రూటర్ రీస్టార్టై లేచేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, మ్యాచ్ పోయినట్టే. ఇన్వర్టర్ ఉంటే వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి దాంట్లో పెట్టు. లేకపోతే రూటర్‌కొక మినీ యూపీఎస్ తీసుకో. అడాప్టర్ మీద 12 వోల్టులని ఉంటే 12దే కొనాలి, 9ది కాదు. ఆంప్ మాత్రం రాసినదానికి సమానంగానో ఎక్కువగానో ఉండొచ్చు.