ఆయిల్ ట్యాంకు నిండుగా ఉంది, ఇంజిన్ బిగుసుకుపోయింది

ప్రశ్న: ప్రకటన చూసి ఒకతని దగ్గర పాత టూ స్ట్రోక్ క్వాడ్ బైక్ (నాలుగు చక్రాల బండి) కొన్నాను. ‘ఇంజిన్ కొత్తగా చేయించాను, ఏ పనీ లేదు’ అని ప్రకటనలోనూ, నాకు పంపిన మెసేజీలోనూ రాశాడు. నేను వెళ్లేసరికే బండి స్టార్టు చేసి ఉంది. ఒక చుట్టు తోలి చూసి, బ్యాంకు ద్వారా డబ్బు పంపి, ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమైనది’ అన్న రసీదు తీసుకున్నాను. మర్నాటి నుంచే చల్లటి ఇంజిన్ స్టార్టు కావడానికి మొరాయించేది. థ్రాటిల్ వదిలినా ఒక్కోసారి వేగం వెంటనే దిగేది కాదు. పదిహేనో రోజున ఎత్తు ఎక్కుతుండగా ఇంజిన్ బిగుసుకుపోయింది, కిక్ కదలడం లేదు. సిలిండర్ విప్పి బోరింగ్ చేయాలని మెకానిక్ అంటున్నాడు. ‘ఆయిల్ లేకుండా తోలి పాడుచేశావు’ అని అమ్మినతను అంటున్నాడు. కొన్న రోజే ఆయిల్ ట్యాంకు నింపాను, అది ఇప్పటికీ నిండుగానే ఉంది. నా డబ్బు నాకు తిరిగి వస్తుందా?

జవాబు: ముందు మెకానిక్‌కు ఫోను చేసి బోరింగ్ ఆపమనండి. సిలిండర్ అరగదీశాక లోపలి గీతలు పోతాయి, వాటితోపాటు మీ కేసూ సగం పోతుంది.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైనది ఆయిల్ ట్యాంకు గురించి రాసిన ఆ ఒక్క వాక్యం. మీ తప్పేమీ లేదని చెప్పడానికి దాన్ని రాశారు. నాకు మాత్రం అది వేరేగా వినిపించింది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ అడుగున నిలవ ఉండి తిరుగుతూ ఉండేది కాదు. పెట్రోల్‌తోపాటు క్రాంక్‌కేసులోకి, అంటే ఇంజిన్ అడుగు గదిలోకి వెళ్లి, బేరింగులనూ పిస్టన్‌నూ తడిపి, చివరకు కాలిపోతుంది. అందుకే సైలెన్సర్‌లోంచి ఆ పొగ. పదిహేను రోజులు తోలినా ట్యాంకులో మట్టం దిగలేదంటే ఆ ట్యాంకులోని ఆయిల్ ఇంజిన్‌కు చేరనే లేదు.

ఎందుకు చేరలేదు? ఆయిల్‌ను లాగి ఇచ్చే పంపు పాడై ఉండవచ్చు. గొట్టంలో గాలి బుడగ నిలిచిపోయి ఉండవచ్చు. మూడో అవకాశం మీ కేసుకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ పంపును నమ్మలేక కొందరు యజమానులు దాన్ని తీసేసి, ఆ చోట మూత బిగించి, ఆయిల్‌ను నేరుగా పెట్రోల్‌లోనే కలుపుకుంటారు. అది తప్పేమీ కాదు, చాలామంది చేసే పనే. అయితే ఆయిల్ ట్యాంకు మాత్రం బండి మీద ఎప్పటిలాగే కూర్చుని ఉంటుంది. కొత్తగా కొన్నవాడు దాన్ని భక్తిగా నింపి, పెట్రోల్ ట్యాంకులో ఉత్త పెట్రోల్ పోసుకుంటాడు. మీ విషయంలో జరిగింది ఇదేనని నా అనుమానం. కవరు విప్పితే పంపు ఉందో, మూత ఉందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

అయితే థ్రాటిల్ వదిలినా వేగం దిగకపోవడం ఇంకో కథ చెబుతోంది. క్రాంక్ షాఫ్టు దగ్గర గాలి చొరకుండా ఆపే సీలు అరిగినా, కార్బురేటర్‌ను సిలిండర్‌కు కలిపే రబ్బరు పగిలినా, ఇంజిన్ అక్కడి నుంచి గాలి పీలుస్తుంది. పెట్రోల్ పాలు తగ్గి, వేడి పెరిగి, ఆయిల్ సరిగ్గా అందుతున్నా పిస్టన్ పట్టేయగలదు. కాబట్టి ‘ఆయిల్ అందలేదు’ అని మీరు ఇప్పుడే నోటీసులో తేల్చి రాస్తే, రేపు సీలు లీకు అని తేలినప్పుడు మీ మాట మీకే అడ్డం వస్తుంది. లక్షణాలు రాయండి, కారణాన్ని పరీక్షకు వదిలేయండి.

పాత బండ్ల తగాదాల్లో మెకానిక్‌ల పక్కన కూర్చుని నేర్చుకున్నది కొంత చెబుతాను. ఆయిల్ అందక పట్టేసిన పిస్టన్‌కు గీతలు ఒక పక్కనే కాక చుట్టూ ఉంటాయి, కనెక్టింగ్ రాడ్ బేరింగ్ ఎండిపోయి నీలం తిరిగి కనిపిస్తుంది. గాలి లీకు వల్ల వేడెక్కి పట్టేస్తే దెబ్బ ఎక్కువగా సైలెన్సర్ వైపు కనిపిస్తుంది, ఒక్కోసారి పిస్టన్ తల కరిగి చిల్లు పడుతుంది. ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా లేక దుమ్ము లోపలికి పోతే కార్బురేటర్ వైపు అంచు మసకబారి అరుగుతుంది. ఇక ‘ఇంజిన్ కొత్తగా చేయించాను’ అన్న మాట సంగతి. కొత్తగా బోరింగ్, హోనింగ్ (గోడను సన్నగా రాపిడి చేయడం) చేసిన సిలిండర్ గోడ మీద ఒకదాన్నొకటి కోసుకుంటూ సన్నని గీతలు ఉంటాయి. పట్టేసినప్పుడు దెబ్బ తగలని చోట గోడను దీపం వెలుగులో ఫోటో తీయించండి. ఆ కోత గీతలు కనబడక గోడ అద్దంలా మెరుస్తూ, పిస్టన్ తల మీద మసి మందంగా గట్టిపడి ఉంటే, ఆ ఇంజిన్‌ను ఈమధ్య ఎవరూ కొత్తగా చేయలేదని దాదాపు చెప్పేయవచ్చు. ‘వెళ్లేసరికే బండి స్టార్టు చేసి ఉంది’ అని మీరు రాసిన మాట కూడా దీనితో కలుస్తుంది. కంప్రెషన్ (సిలిండర్‌లోని ఒత్తిడి) తగ్గిన ఇంజిన్ వేడిగా ఉంటే పలుకుతుంది, చల్లగా ఉంటే మొండికేస్తుంది.

ఇప్పుడు చట్టం. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో 17వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. జబ్బు గుర్రాన్ని జబ్బుదని తెలిసీ వేలంలో అమ్మి, దాని గురించి ఏమీ చెప్పకపోతే అది మోసం కాదు. కానీ కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను’ అన్నప్పుడు అమ్మేవాడు నోరు మెదపకపోతే, ఆ మౌనం మాటతో సమానం. గుర్రం స్థానంలో క్వాడ్ బైక్‌ను పెట్టి చూడండి. మీ అమ్మకందారు మౌనంగా కూడా లేడు, ఇంజిన్ కొత్తగా చేయించానని రాసి ఇచ్చాడు. అది అబద్ధమని తెలిసే రాసి ఉంటే 17వ సెక్షన్ ప్రకారం మోసం. తనకు బండి అమ్మినవాడి మాట నమ్మి, సరిచూసుకోకుండా రాసి ఉంటే 18వ సెక్షన్ ప్రకారం తప్పుడు ప్రాతినిధ్యం. రెంటిలోనూ 19వ సెక్షన్ కింద ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీకు వస్తుంది, అయితే ఒక తేడా ఉంది. అతను తెలియక చెప్పిన తప్పయితే, ‘మామూలు శ్రద్ధతో చూసి ఉంటే నీకే నిజం తెలిసేది’ అని అతని వకీలు వాదించవచ్చు. తెలిసి ఆడిన అబద్ధానికి ఆ రక్షణ లేదు. సిలిండర్ లోపలి గోడను చూడటం కొనేవాడి మామూలు శ్రద్ధలోకి రాదని మనం జవాబు చెప్పవచ్చు. స్టార్టింగ్ కష్టం మాత్రం చల్లటి ఇంజిన్‌ను కిక్ కొట్టి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. ఆ ప్రశ్న మీకు ఎదురవుతుంది, సిద్ధంగా ఉండండి.

ఆయిల్ పంపు తీసేసిన సంగతి చెప్పకపోవడం మోసమా? ఉత్త మౌనమైతే కాదు. కానీ పనిచేయని ఆయిల్ ట్యాంకును మూతతో సహా బండి మీద ఉంచి, పెట్రోల్‌లో ఆయిల్ కలపాలని చెప్పకుండా తాళం చేతికివ్వడం ఉత్త మౌనం కాదని నా అభిప్రాయం. ఆ ట్యాంకే కొనేవాడికి ఒక మాట చెబుతోంది. ‘ఆయిల్ లేకుండా తోలావు’ అని అతనే అంటున్నాడు కాబట్టి, ఏ ట్యాంకులో పోయాలో తనకు తెలుసని ఒప్పుకున్నట్టే. ఆ మెసేజీ ఉంటే చెరపకండి.

రసీదు మీద ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాట చూసి బెంగపడకండి. వస్తువుల విక్రయ చట్టం, 1930లో 16వ సెక్షన్ ప్రకారం, వ్యాపారి కాని మనిషి పాత వస్తువు అమ్మితే నాణ్యతకు చట్టం తనంతట తాను హామీ ఇవ్వదు. ఆ రసీదు ఉన్నా లేకపోయినా అంతే. మీ కేసు ఆ హామీ మీద ఆధారపడలేదు, అతను స్వయంగా రాసిన మాట మీద నిలబడుతోంది. వర్ణన ప్రకారం అమ్మినప్పుడు వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని అదే చట్టంలో 15వ సెక్షన్ చెబుతోంది. అబద్ధానికి ‘ఉన్నది ఉన్నట్టుగా’ కప్పు కాదు.

పూర్తి డబ్బు వస్తుందా అని అడిగారు. ఆశ తక్కువే పెట్టుకోండి. పదిహేను రోజులు వాడుకున్నారు, ఇప్పటిదాకా ‘బండి నాకు వద్దు’ అని రాతపూర్వకంగా చెప్పలేదు. ఆలస్యమైతే బండిని అంగీకరించినట్టు లెక్క, అప్పుడు అదే విక్రయ చట్టం 59వ సెక్షన్ కింద నష్టపరిహారమే మిగులుతుంది. ఇంజిన్ బాగుచేయించే ఖర్చు రాబట్టడం మాత్రం సాధ్యమేనని నా అంచనా. రాజీ కుదిరితే అక్కడే కుదురుతుంది.

వినియోగదారుల కమిషన్ సంగతి చాలామంది అడుగుతారు. సొంత బండి ఒకసారి అమ్ముకున్న వ్యక్తి మీద అక్కడ గట్టిగా నిలబడటం కష్టం, సివిల్ కోర్టే దారి. అదే మనిషి నెలనెలా బండ్లు అమ్ముతున్నట్టు ప్రకటనలు దొరికితే అతను వ్యాపారి అవుతాడు. అప్పుడు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, గడువు రెండేళ్లు. సివిల్ దావాకు మూడేళ్లు. పోలీసు స్టేషన్‌కు మాత్రం ఇప్పుడే వెళ్లకండి. మొదటి నుంచీ మోసపు ఉద్దేశం ఉందని చూపించనిదే అది సివిల్ తగాదా అని రాసి పంపేస్తారు. ఆ కాగితం తర్వాత అతని చేతిలో ఆయుధమవుతుంది.

ఒక అడ్డుదారి ప్రశ్నకు కూడా సిద్ధపడండి. మీ బండికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో మీరు రాయలేదు. రిజిస్ట్రేషన్ లేని బండిని బహిరంగ స్థలంలో తోలడం మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం కుదరదు. ఎత్తు ఎక్కింది రోడ్డు మీదా, సొంత స్థలంలోనా అని అవతలి వకీలు అడిగితే నిజమే చెప్పండి. అది ఇంజిన్ లోపాన్ని మార్చదు.

పెట్రోల్ ట్యాంకులో మిగిలినది పారబోయకండి. అందులోంచి ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి ఆరనివ్వండి. ఉత్త పెట్రోల్ దాదాపు మచ్చ లేకుండా ఆవిరవుతుంది, ఆయిల్ కలిసి ఉంటే జిడ్డు వలయం మిగులుతుంది. ఈ పరీక్ష మీకు తెలియడానికే. కోర్టుకైతే కొంత పెట్రోల్‌ను ఇనుప డబ్బాలో సీలు చేసి, మంటకు దూరంగా భద్రపరచండి. ఉత్త పెట్రోల్ అని తేలితే అది మీకు వ్యతిరేకమని భయపడనక్కర్లేదు, పంపు తీసేసిన చోట ఫోటో దాని పక్కన ఉంటే చాలు. ప్రకటన, మెసేజీలు ఉన్న ఫోనును మార్చకండి. వాటిని కోర్టులో పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లో 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి.

ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ప్రకటనలోని మాటలు యథాతథంగా రాసి, లక్షణాలను తేదీల వారీగా పెట్టి, ఒప్పందం రద్దు లేదా బాగుచేయించే ఖర్చు కోరండి. ఫలానా రోజున, ఫలానా సమయంలో ఇంజిన్ విప్పుతున్నాం, మీ మెకానిక్‌తో వచ్చి చూసుకోండి అని పది రోజుల గడువు ఇవ్వండి. రాకపోతే, మీకు బంధువులు కాని ఇద్దరి సమక్షంలో విప్పించి, మొదటి బోల్టు నుంచి చివరి దాకా వీడియో తీయించండి. పిస్టన్, రింగులు, బేరింగ్, సీళ్లు అన్నీ కడగకుండా సంచిలో వేసి, తేదీ రాసి, ఆ ఇద్దరి సంతకాలు పెట్టించి మీ దగ్గర ఉంచుకోండి. అవి పాత సామాన్ల కుప్పలోకి పోకూడదు. మెకానిక్ చేత చూసినది చూసినట్టు రాయించి సంతకం తీసుకున్నాక, అప్పుడు చెప్పండి బోరింగ్‌కు సరేనని.