పథ్యం పొయ్యి: సంగటి ముద్ద ఎంత ఉండాలి?

ఈసారి మూడు ఉత్తరాలకే చోటు సరిపోయింది. మొదటిది పెద్దది, నా జవాబు దానికన్నా పెద్దది. పేర్లు వేయొద్దని ముగ్గురూ రాశారు, వేయడం లేదు.

ప్రశ్న (చిత్తూరు, గిరింపేట నుంచి): అక్కా, మా ఆయనకు 51 ఏళ్లు. బెల్లం మండీలో లెక్కలు రాస్తారు. మూడు నెలల షుగర్ పరీక్షలో 8.2 వచ్చింది. మాత్రలు రాసిచ్చి, అన్నం తగ్గించండి, నూనె తగ్గించండి అన్నారు. ఎట్లా తగ్గించాలో చెప్పినవాళ్లు లేరు. ఫోన్‌లో చూసి కొర్రలు, సామలు, ఊదలు కలిపి ఐదు కిలోలు తెచ్చాను. మొదటి రోజే కొర్రన్నం పలుకుపలుకుగా వచ్చింది. ఆయన రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని 'ఇది పిట్టల మేత' అని లేచిపోయారు. మా అత్తకు 74. 'సంగటి పెట్టు, షుగర్ దానంతటదే పోతుంది' అని మధ్యాహ్నం, రాత్రి ఇంత లావు ముద్ద చేసి కొడుక్కి పెడుతుంది. పిల్లలిద్దరూ సంగటి ముట్టరు. ఆయనకొకటి, అత్తకొకటి, పిల్లలకొకటి, మూడు రకాలు వండి నా నడుము పడిపోతోంది. ఇంత చేసినా మొన్న షుగర్ చూపిస్తే పెద్ద తేడా లేదు. టెన్షన్‌తో నాకే ఏదైనా వచ్చేట్టుంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ఐదు కిలోల సంగతి తేల్చేద్దాం, పురుగు పట్టకముందే. కొర్రలు బియ్యం లాంటివి కావు. కడిగి వెంటనే కుక్కర్లో పడేస్తే పలుకు పోదు. రెండు మూడు గంటలు నానాలి. రాత్రే నానేసినా తప్పులేదు. నానినాక గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి, సన్నటి సెగ మీద ఉడికించి, దించినాక పది నిమిషాలు మూత తీయొద్దు. వేడిగా తినాలి. చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. మీ ఆయన మండీ నుంచి రెండు గంటలకు వచ్చి, పన్నెండుకు వండింది తిని పిట్టల మేత అన్నారంటే ఆయన తప్పు కూడా కాదు. మధ్యాహ్నం ఆలస్యమయ్యే రోజున మజ్జిగ పోసి మెత్తగా కలిపి ఉంచు. ఇంకోమాట. తెల్లగా నిగనిగలాడే కొర్రలు కొనొద్దు. అవి పాలిష్ పట్టినవి. పైపొరతోపాటు పీచు కూడా పోయాక ఆ ధర పెట్టి కొనడం దేనికి?

అయినా ఐదు కిలోలూ అన్నంగానే వండాలని లేదు. దోసెల పిండికి మూడు గ్లాసుల బియ్యం పోసేచోట రెండు బియ్యం, ఒకటి కొర్రలు పోసి రుబ్బు. పిల్లలకు చెప్పొద్దు. నెల తర్వాత సగం సగం చెయ్యి. సంగటిలో ఎసట్లోకి వేసే బియ్యం బదులు కూడా నానిన కొర్రలు వేయొచ్చు. మీ అత్త ముందు ఒప్పుకోదు. ఒక పూట చేసి పెట్టి, తిన్నాక చెప్పు.

ఇక అసలు సంగతి, ఆ ముద్ద. నేను ఆసుపత్రి పథ్యం వంటశాలలో 28 ఏళ్లు పనిచేశాను. అక్కడ ప్రతిదీ తూకమే. ఇంటికొచ్చి మాత్రం కంటి అంచనాతో వండేదాన్ని. ఒకరోజు అనుమానమొచ్చి మా ఇంటి సంగటి ముద్దను తూచాను. దానిలోకి పోయిన రాగిపిండి, బియ్యం కలిపి 120 గ్రాములు తేలింది. హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి ధాన్యం మొత్తం 250 గ్రాములని ఉంది. అంటే అట్లాంటి ముద్దలు రెండు తింటే రోజు కోటా దాదాపు అయిపోయినట్టే. పొద్దున తిన్న నాలుగు ఇడ్లీలు ఏ లెక్కలో వేస్తావు?

రాగులను తక్కువ చేయడం లేదు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఆ పేరే వినపడదు. పీచూ ఎక్కువే. మన తిరుపతి పక్క పెరుమాళ్లపల్లె పరిశోధన కేంద్రం నుంచి వకుళ అనే రాగి రకమే వచ్చింది, ఆ పంట మనకంత దగ్గరిది. కానీ పిండిపదార్థం రాగుల్లోనూ వందకు 67 గ్రాముల దాకా ఉంది, బియ్యంలో 78. ఆ తేడా చూసుకుని ముద్దను రెట్టింపు చేస్తే లాభం ఎక్కడుంది? మీ అత్త మాటలో సగం నిజముంది. ఆమె కాలంలో ఆ ముద్ద తిన్న మనిషి పొద్దుగూకేదాకా మడకవెనకాల నడిచేవాడు. మీ ఆయన కుర్చీలో కూర్చుని లెక్కలు రాస్తున్నారు.

కాబట్టి ముద్దను తీసేయొద్దు, నాలుగో వంతు తగ్గించు. ఒకేసారి సగానికి దించితే రాత్రి పదకొండుకు డబ్బాలో మురుకులు మాయమవుతాయి. తగ్గిన చోట ఖాళీ వదలొద్దు, కూర పెట్టు. ఇక్కడే మన ఇళ్లలో లెక్క తప్పుతోంది. అదే సూచనల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు అని ఉంది. మీ ఇంట్లో ఐదుగురు. రోజుకు రెండు కిలోలు! నేను మొదట చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. మన ఇళ్లలో కిలో వంకాయలు రెండు రోజులు వస్తాయి, అదీ పిల్లలకు ముక్కలు, పెద్దలకు పులుసు. రెండు కిలోలకు ఒక్కసారి పోలేవు, సరే. ఇప్పుడు తెచ్చేదాని మీద ఇంకో అరకిలో కలుపు. ఉర్లగడ్డను నేను కూరగాయల్లో లెక్కేయను, అది అన్నం జాతి. తోటకూర, పాలకూర, మునగాకు, ఏది దొరికితే అది ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, కాస్త చింతపండు వేసి ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపితే పుల్లగూర. సంగటిలోకి అంతకన్నా ఏం కావాలి? ఊరిబిండి, అంటే వేరుశెనగ పచ్చడి కూడా మంచిదే, చెనగ్గింజల్లో నాలుగో వంతు మాంసకృత్తులే. కానీ నూనె కూడా వందకు 40 గ్రాముల దాకా ఉంటుంది గనక మనిషికి గుప్పెడు గింజలకు మించొద్దు.

నూనె సంగతి. అదే లెక్కలో రోజుకు 27 గ్రాములు, నెయ్యితో సహా. ఐదుగురికి నెలకు నాలుగు కిలోల పైన, అంటే లీటరు ప్యాకెట్లు నాలుగున్నర. పిల్లలున్నారు కాబట్టి ఇది సుమారు లెక్కే. నువ్వు ప్యాకెట్ కోసిన రోజున దాని మీద పెన్నుతో తేదీ రాయి. నెలాఖరుకు ఖాళీ ప్యాకెట్లు లెక్కపెట్టు. ఎవరి ఉపదేశమూ అక్కరలేదు, ఆ కవర్లే చెబుతాయి. మా ఇంట్లో ఇద్దరికి మూడు తేలాయి, అదీ నేను పథ్యం వంటమనిషిని!

తగ్గించే పద్ధతి ఒకటే చెబుతాను. మనం ముందు నూనె పోసి, తిరగవాత పెట్టి, దానిలోనే కూర మగ్గిస్తాం. ఆ నూనె వాసనంతా ఉడుకుతో పోతుంది, రుచి తెలియక ఇంకో గరిటె పోస్తాం. తిరగేసి చెయ్యి. ఇనుప బాండలిలో ఎర్రగడ్డ ముక్కలు, ఉప్పు, రెండు గరిటెల నీళ్లు వేసి మూతపెట్టి మగ్గించు. తర్వాత కూరగాయ వెయ్యి. దించే ముందు చిన్న గరిటెలో రెండు చెంచాల చెనక్కాయ నూనె కాచి, ఆవాలు, జీలకర్ర, దంచిన తెల్లగడ్డ, కరివేపాకు వేసి పైన పొయ్యి. వాసన పైనే ఉంటుంది కాబట్టి నూనె తక్కువైందని నాలుకకు తెలియదు. వంకాయకు మాత్రం ఈ పద్ధతి సగమే కుదురుతుంది, ముందే చెబుతున్నా.

మూడు వంటలు మానెయ్. ఇది నా అనుభవంతో చెప్పే మాట. తొమ్మిదేళ్ల కిందట మా ఆయనకు షుగర్ బయటపడ్డప్పుడు నేను ఉద్యోగంలో ఉన్నాను. నాకన్నీ తెలుసన్న ధీమా. ఆయనకు విడిగా ఉప్పులేని బీరకాయ, నూనెలేని చపాతీలు. నేనూ పిల్లలూ మామూలుగా తినేవాళ్లం. ఆయన ఒక్కమాట అనలేదు. ఇంత బుద్ధిమంతుడెప్పుడయ్యాడా అనుకున్నాను. మూడు వారాల తర్వాత పక్కింటి పిల్లోడు చెప్పాడు, 'మామ రోజూ సాయంత్రం గాంధీ రోడ్డులో బజ్జీల బండి దగ్గరుంటాడు పెద్దమ్మా' అని. ఆ రాత్రి రాద్ధాంతం చేశాను. ఆయన నెమ్మదిగా, 'మీరంతా ఒక పళ్లెంలో, నేనొక పళ్లెంలో. జైల్లో ఉన్నట్టుంది' అన్నారు. మర్నాటి నుంచి ఒకే కుండ. అందరికీ అదే పప్పు, అదే కూర. పిల్లలు గొణిగారు, రెండు నెలలకు సర్దుకున్నారు.

మీ అత్తను గెలవాలని చూడొద్దు, పని అప్పజెప్పు. చలికాలంలో అనపకాయలు రాగానే పితికిపప్పు ఆమె చేతనే చేయించు. నానబెట్టిన అనపగింజలను పితికి తొక్కు తీయడానికి పిల్లలను ఆమె పక్కన కూర్చోబెట్టు. గింజ చేతిలోంచి జారి గోడకు కొట్టుకుంటుంటే ఫోన్ పక్కనపెడతారు. వాళ్లు పితికింది వాళ్లు తినకుండా ఉండరు. కొడుకు ముద్ద సైజు కూడా ఆమెకే వదిలెయ్, కాకపోతే చిన్న గిన్నె ఒకటి కొనిచ్చి 'అత్తా, దీన్లో పట్టినంత' అని చెప్పు.

ఒక జాగ్రత్త. మాత్రలు వేసుకుంటూ తిండి బాగా తగ్గిస్తే కొందరికి షుగర్ పడిపోతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే వెంటనే చక్కెర నీళ్లివ్వాలి. అందుకని పద్ధతి మార్చేముందు డాక్టరుకు చెప్పు. కిడ్నీ పరీక్ష కూడా చేయించారా? అందులో తేడా ఉంటే పప్పు ఎంత తినాలో వాళ్లే చెప్పాలి, నేను కాదు. మూడు నెలల పరీక్ష మూడు నెలలయ్యాకే చేయించు. వారానికోసారి చూసి నిరాశపడొద్దు.

ప్రశ్న (తిరుపతి, కొర్లగుంట నుంచి): ఆంటీ, నాకు 24. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ. రూమ్‌లో ముగ్గురం. రాత్రిళ్లు పరోటా, ఫ్రైడ్ రైస్. ఏడాదిలో ఎనిమిది కిలోలు పెరిగాను. ఒక ఇండక్షన్ స్టవ్, ఒక కుక్కర్ ఉన్నాయి. ఎయిర్ ఫ్రయర్ కొంటే నూనె లేకుండా అన్నీ చేసుకోవచ్చంటున్నారు. కొనమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు నాయనా. అది వేడిగాలి తిప్పే చిన్న పొయ్యి. వేపుళ్లకు నూనె తగ్గుతుంది, నిజమే. కానీ నీకు కావాల్సింది వేపుళ్లు కాదు, భోజనం. ఆ డబ్బులో కొంచెంతో మంచి కత్తి, పీట కొనుక్కో. కూరగాయలు తరగడానికి బద్ధకించే మగపిల్లల గదుల్లో నేను చూసిన కత్తులు వెన్న కూడా కోయవు.

అర గ్లాసు కొర్రలు లేదా బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, రెండు గ్లాసుల తరిగిన క్యారెట్, బీన్స్, సొరకాయ, దంచిన మిరియాలు, జీలకర్ర, అల్లం, ఉప్పు. మూడున్నర గ్లాసుల నీళ్లు. నాలుగు విజిళ్లు. కొర్రలైతే డ్యూటీకి పోయేముందే నానేసి పో. దానిమీద చెంచా నెయ్యి వేసుకో, తప్పు కాదు. పక్కన ఉడికిన గుడ్లు రెండు. ఒక్కో గుడ్డుకు ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులు. ముగ్గురికీ సరిపోవాలంటే కొలత రెట్టింపు, కుక్కర్ ఐదు లీటర్లది ఉండాలి. కుక్కర్ అడుగున అయస్కాంతం అతుక్కోకపోతే ఇండక్షన్ మీద పనిచేయదు, కొనేటప్పుడు చూసుకో.

నైట్ షిఫ్ట్ రోజుల్లో పోయేముందే కడుపునిండా తిను. మధ్యరాత్రికి సీసాలో మజ్జిగ, పొట్లంలో వేయించిన చెనగ్గింజలు. పరోటా వారానికి ఒకసారి, సెలవురోజు, ముగ్గురూ కలిసి. పూర్తిగా మానేస్తానని మాటివ్వొద్దు.

ప్రశ్న (పుత్తూరు నుంచి, 67 ఏళ్ల రిటైర్డ్ టీచర్): చక్కెర మానేసి బెల్లం, మామూలు ఉప్పు మానేసి సైంధవ లవణం వాడుతున్నాను. నాకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఇవి వాడితే ఎంతైనా తినొచ్చంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు మాస్టారూ. చిత్తూరు బెల్లం మీద నాకూ మమకారమే, కానీ దానిలో ఎక్కువ భాగం చక్కెరే. రక్తంలో చేరాక అది రంగు చూడదు. సైంధవ లవణమూ సోడియమే, పైగా చాలావాటిల్లో అయోడిన్ కలపరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉప్పు రోజుకు ఐదు గ్రాముల లోపే అంటుంది. సుమారు ఒక చిన్న చెంచా (టీ స్పూన్), ఊరగాయ, అప్పడం, మజ్జిగలో వేసుకునేది అన్నీ కలిపి. సోడియం తగ్గించిన ఉప్పు అని ప్యాకెట్లు వస్తున్నాయి. వాటిలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ తేడా ఉన్నవాళ్లకు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు అది ప్రమాదం, డాక్టరును అడక్కుండా కొనకండి.

కాఫీ మానమని చెప్పను. వారానికి కొంచెం తీపి తగ్గించుకుంటూ రండి. మా ఆయనకు చెంచా నుంచి సున్నాకు దిగడానికి ఆరు వారాలు పట్టింది. మొన్న పెళ్లిలో ఎవరో తీపి కాఫీ చేతికిస్తే ఒక గుక్క తాగి, 'పాయసం పోశారే' అని గ్లాసు నాకిచ్చేశారు.