లప్పం ముందా, ప్రైమర్ ముందా? ముందు గోడ ఆరిందో లేదో చూడండి

మీ ప్రశ్న చదువుతుంటే ఐదేళ్ల కిందటి మా ఇల్లే కళ్లముందు కదిలిందండీ. మీ ఇంట్లో కింద పాత వాటాకు సున్నం గోడలు, పైన కొత్తగా వేసిన అంతస్తుకు ప్లాస్టరింగ్ అయి మూడు వారాలు, మాఘంలో గృహప్రవేశం. అన్నిటికీ ఒకే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టి రంగు వేసేద్దామని మీ పెయింటర్ అంటున్నారు, లప్పం (గోడను నున్నగా చేసే పుట్టీ) ముందా ప్రైమర్ ముందా అని మీరు అడుగుతున్నారు. మాది కాకినాడ. శ్రావణంలో చెల్లి పెళ్లి ఉందని మేమూ సరిగ్గా ఇలాగే తొందరపడ్డాం. వానల్లో ప్లాస్టరింగ్ చేయించి, మూడు వారాలకే రంగులు వేయించాం. పెళ్లినాటికి ఇల్లు మెరిసిపోయింది. దీపావళి వచ్చేసరికి పడమటి గోడ నిండా బొబ్బలు. వేలితో నొక్కితే లోపల చెమ్మ, అక్కడక్కడా తెల్లటి ఉప్పు పొడి. పిల్లల చేతి మరకలు పడకూడదని వరండాలో మూడడుగుల ఎత్తు దాకా ఆయిల్ ఎనామిల్ వేయించాం, అదైతే జిగురుజిగురుగా తయారై చేతికి అంటుకునేది.

తర్వాత అనుభవమున్న ఒక తాపీ మేస్త్రి వచ్చి చూసి కారణం చెప్పారు. కొత్త సిమెంటులో ఘాటైన క్షారం ఉంటుంది. గోడలో తడి ఉన్నన్నాళ్లూ ఆ క్షారం తడితోపాటు పైకి వస్తూనే ఉంటుంది. ఆయిల్ పెయింటులోని నూనెకు అది తగిలితే సబ్బు తయారవుతుంది. సబ్బు చేసేది నూనె, క్షారం కలిపే, గోడ మీద జరిగిందీ అదే. ఇక ఆ తెల్లటి పొడి సిమెంటులో, ఇసుకలో, నీళ్లలో ఉండే లవణాలు. తడి ఆరేటప్పుడు అవి పైకి పూస్తాయి.

అందుకే మీ పై అంతస్తుకు నేను చెప్పేది ఒక్కటే, ఆగండి. ప్లాస్టరింగ్‌కు కనీసం వారం నీళ్లు పట్టాక, మొత్తం 28 రోజులు దాటాలి. వానాకాలంలో అదీ చాలదు. గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి పరికరమేమీ అక్కర్లేదు. అడుగున్నర చదరం మందపాటి పాలిథిన్ ముక్కను నాలుగువైపులా టేపుతో గాలి చొరకుండా గోడకు అంటించండి. మర్నాడు తీసి చూస్తే లోపలివైపు నీటి చుక్కలు ఉన్నా, గోడ ఆ మేరకు ముదురు రంగుకు మారినా ఇంకా తడి ఉన్నట్టే. బాత్‌రూమ్‌కు ఆనుకున్న గోడ, పిట్టగోడ కింది భాగం, సజ్జాలు గోడను కలిసేచోటు తప్పకుండా చూడండి. మా ఇంట్లో ముందు పాడైనవి ఇవే. ఉప్పు పూసి ఉంటే నీళ్లతో కడగొద్దు, కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, నీరు ఎక్కడినుంచి వస్తోందో ముందు అది కట్టించండి.

ఇక లప్పం సంగతి. వైట్ సిమెంట్ లప్పమైతే నేరుగా ప్లాస్టరింగ్ మీదే పెట్టొచ్చు, కింద ప్రైమర్ అక్కర్లేదు. పెట్టేముందు గోడ మీద నీళ్లు చిలకరించాలి. ఆరాలని చెప్పి మళ్లీ తడపమంటున్నానేమిటని అనుకోకండి. పొడి గోడ లప్పంలోని నీటిని లాగేసుకుంటే అది గట్టిపడక పొడిపొడిగా రాలిపోతుంది, అందుకే పైపైన తడి. పలుచగా రెండు పూతలు, రెండూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. గోడ వంకరలన్నీ లప్పంతో సరిచేస్తామంటే ఒప్పుకోకండి, అది తాపీవాళ్ల పని. ఆరాక సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, దుమ్ము పూర్తిగా తుడిచి, అప్పుడు ప్రైమర్, దానిమీద రంగు. అదే అక్రిలిక్ లప్పమైతే ముందొక ప్రైమర్, లప్పం, మళ్లీ ప్రైమర్. అది మామూలుగా లోపలి గోడలకే, బయట వాడొద్దు. రుద్దేవాళ్ల చేత మాస్కు పెట్టించండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కింది వాటా సున్నం గోడల దగ్గరే అసలు కష్టం. మా నాన్న ప్రతి సంక్రాంతికీ సున్నం వేయించేవారు, ముప్పై ఏళ్ల పూతలు పొరలుపొరలుగా పేరుకుపోయాయి. అరచేత్తో రుద్దితే చెయ్యి తెల్లబడేది. అలాంటి గోడ మీద లప్పం పెడితే అది గోడకు కాదు, ఆ పొడికి అంటుకుంటుంది, తర్వాత పెచ్చులుగా ఊడుతుంది. నీళ్లు చల్లి నానబెట్టి, గట్టి గోడ తగిలేదాకా గీకాల్సిందే. ఆపైన వైరు బ్రష్షు, కడగడం, ఆరబెట్టడం. మాకు నాలుగు గదులు గీకడానికే ఇద్దరు మనుషులకు ఆరు రోజులు పట్టింది. చదరపు అడుగు లెక్కన ఒప్పుకున్నవాళ్లు ఈ పని తొందరగా తేల్చేస్తారు, అందుకని గీకుడు వరకు రోజు కూలీ ఇచ్చాం. ఆ డబ్బు ఖరీదైన రంగు డబ్బా మీద పెట్టి ఉంటే ఇంతకాలం నిలిచేది కాదు. గీకేటప్పుడు గోడను వేలితో తట్టుతూ పోండి, గుల్లగా మోగినచోట ప్లాస్టరింగ్ చెక్కేసి కొత్తగా వేయించాలి.

మీ పాత వాటా సున్నపు గచ్చుతో కట్టినదై, కింద రెండడుగుల మేర ఎప్పుడూ నిమ్ము ఎక్కుతుంటే మాత్రం, గీకకుండా మళ్లీ సున్నమే వేయించమంటాను. సున్నం తడిని బయటకు పోనిస్తుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ (గోడలకు వేసే నీళ్ల రంగు) దాన్ని లోపలే బిగించేస్తుంది.

నల్లగా బూజు పట్టినచోట బ్లీచింగ్ పొడి నీళ్లు రాసి, రాత్రంతా ఉంచి, కడిగి ఆరబెట్టండి. అందులో యాసిడ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది. వంటింట్లో పొయ్యి వెనక గోడను తాలింపు జిడ్డు పోయేదాకా సోడా నీళ్లతో కడగండి. ఆ జిడ్డు మీద ఏ రంగూ నిలవదు. పసుపు, నూనె తాగిన గడపకూ అంతే.

కొత్త గ్రిల్స్ షాపునుంచి ఎర్రగా రెడ్ ఆక్సైడ్ పూసి వస్తాయి కదా, ఆ పూతను నమ్మకండి. చాలాసార్లు తుప్పు మీదే కొట్టేస్తారు. వెల్డింగ్ అతుకుల దగ్గర గీకి చూస్తే తెలుస్తుంది. వైరు బ్రష్షు, ఎమరీతో ఇనుము మెరిసేదాకా రుద్ది, టర్పెంటైన్‌తో తుడిచి, ఆ రోజే ప్రైమర్ కొట్టాలి. రాత్రి వదిలేస్తే మా ఊరి గాలికి తెల్లారేసరికి సన్నటి తుప్పు పట్టేస్తుంది. సముద్రం దగ్గరివాళ్లు రుద్దేముందు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, ఉప్పు మిగిలితే పూత కింద మళ్లీ తడిని లాగుతుంది. జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) రేకులకు మామూలు ఎనామిల్ నేరుగా వేస్తే పొరగా లేచిపోతుంది. దానికి ఎచ్ ప్రైమర్ అని వేరే ఉంటుంది, అడిగి తెచ్చుకోండి.

పాత తలుపులను పొడిగా రుద్దించకండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు. వాటర్ పేపరుతో (నీళ్లతో వాడే గరుకు కాగితం) తడిపి రుద్దించి, ఆ మడ్డిని తుడిచి పారేయించండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. కొత్త చెక్కను పీచు వాలులోనే రుద్దాలి. ముడులు ఉన్నచోట లక్క పాలిష్ ఒక చెయ్యి వేశాక వుడ్ ప్రైమర్.

గృహప్రవేశం ముహూర్తం మార్చుకోనక్కర్లేదండీ. తలుపులు, గ్రిల్స్, గీకి ఆరిన కింది హాలు ఈలోపు పూర్తి చేయించండి. పై గోడలను సిమెంటు రంగులోనే ఉంచి, మామిడి తోరణాలు కట్టి పాలు పొంగించండి. ఫాల్గుణం ఎండల్లో పాలిథిన్ ముక్క మరోసారి అంటించి చూసి, పొడిగా ఉంటే అప్పుడు లప్పం మొదలుపెట్టించండి.