ఫ్లూకి వాడే యాంటీవైరల్ మాత్ర వైరస్‌ను చంపుతుందా?

చంపదు, కొత్తగా తయారైన వైరస్‌లు పక్క కణాలకు పాకకుండా అడ్డుకుంటుంది, అంతే. మిగతా పని మన రోగనిరోధక శక్తిదే.

వైరస్ సొంతంగా పెరగలేదు. ముక్కులోనో గొంతులోనో ఒక కణంలోకి దూరి, ఆ కణం చేతే తన నకళ్లు తయారు చేయించుకుంటుంది. ఈ పనిలో ఏదో ఒక మెట్టు దగ్గర యాంటీవైరల్ మందు అడ్డం పడుతుంది.

టామిఫ్లూ పేరుతో తెలిసిన ఒసెల్టామివిర్‌నే చూడండి. కణం మీద తయారైన కొత్త ఫ్లూ వైరస్ వెంటనే కదల్లేదు. కణం పైపొర మీదుండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర లాంటి పదార్థానికి అతుక్కుని ఉంటుంది. న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్‌తో ఆ బంధాన్ని కత్తిరించుకుంటేనే దానికి విడుదల. మందు సరిగ్గా ఆ కత్తెరలో ఇరుక్కుంటుంది, వైరస్‌లు అక్కడే గుంపుగా చిక్కుకుపోతాయి. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకోమనేది ఇందుకే. ఆలస్యమయ్యేకొద్దీ వైరస్ అప్పటికే పాకేసి ఉంటుంది. ఆస్పత్రిలో చేరేంత సీరియస్ అయితే మాత్రం ఆ గడువు దాటినా ఇస్తారు. మరీ అద్భుతాలేమీ ఆశించకండి: ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఫ్లూ సుమారు ఒక రోజు ముందు తగ్గుతుంది.

చాలామంది జలుబుకీ ఇదే మాత్ర పనిచేస్తుందనుకుంటారు. మామూలు జలుబు ఎక్కువగా రైనోవైరస్ వల్ల వస్తుంది. దానికి న్యూరామినిడేజే లేదు, ఇక మందు దేన్ని పట్టుకుంటుంది? మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అజిత్రోమైసిన్ అసలు యాంటీవైరలే కాదు, అది బ్యాక్టీరియా మీద పనిచేసే యాంటీబయాటిక్.