పద్యానిది ఒక లెక్క, పాపానిది ఒక లెక్క

తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన కథా రెండూ చదివాను. కథ గురించి తర్వాత మాట్లాడతాను. ముందు చిలీ కవి పాబ్లో నెరూడా సంగతి.

ఆత్మకథలో ఆ కొలంబో రోజుల పేజీ చదివిన రాత్రే అతని పుస్తకాలన్నీ అట్టపెట్టెలో సర్దేశానన్నావు. మర్నాడు మళ్లీ తీసి ఒక ప్రేమ కవిత చదివితే అది ఇంకా బాగానే ఉందనీ, బాగున్నందుకు నీ మీద నీకే అసహ్యం వేసిందనీ రాశావు. ఆ అసహ్యం అక్కర్లేదు. కవితలో ఒక్క అక్షరం కూడా మారలేదు కదా, నిన్న బాగున్నది ఇవాళ ఎలా పాడవుతుంది? నీకు ఒక కొత్త సంగతి తెలిసింది, అంతే. తెలిసినదాన్ని తెలియనట్టు ఉండక్కర్లేదు. నచ్చినదాన్ని నచ్చనట్టు నటించనూ అక్కర్లేదు.

ఆ పేజీని మాత్రం ఇంకోసారి చదువు. ఈసారి అభిమానిగా కాకుండా, రాసేవాడిగా చదువు.

1929. నెరూడా సిలోన్‌లో చిలీ కాన్సుల్. పాతికేళ్ల వయసు. పొద్దున్నే వచ్చి మరుగుదొడ్డి డబ్బా ఎత్తిపోసే తమిళ స్త్రీ మీద అతని కన్ను పడింది. ఆమె వచ్చే దారిలో పట్టుబట్ట, పండ్లు పెట్టేవాడు. ఆమె కన్నెత్తి చూసేది కాదు. ఒకరోజు చెయ్యి గట్టిగా పట్టుకుని గదిలోకి తీసుకెళ్లాడు. ఇద్దరికీ వచ్చిన భాష ఒక్కటీ లేదు. ఆమె కళ్లు తెరుచుకునే ఉన్నాయనీ, ఆమెలో చలనమే లేదనీ, తనను ఆమె ఈసడించుకోవడం న్యాయమేననీ అతనే రాశాడు. ఇంత రాసినవాడు అసలు మాట, అత్యాచారం అన్న మాట, రాయలేదు. ఆ మాట రావలసిన చోట ఏం వచ్చిందో చూడు. ఆమె నడుము వర్ణన వచ్చింది, వక్షం వర్ణన వచ్చింది, దక్షిణ భారతదేశపు ప్రాచీన శిల్పాలతో పోలిక వచ్చింది. ఆమెను విగ్రహం చేసేశాడు. విగ్రహానికి నొప్పి తెలియదు. విగ్రహం ఫిర్యాదు చెయ్యదు. ఆ పేజీలో ఒక మనిషిని మాయం చేసింది అతని ఉపమానమే, తమ్ముడూ. ఏ నేర్పుకి మనం దాసోహం అన్నామో ఆ నేర్పే ఇక్కడ నేరాన్ని కప్పిపెట్టే పని చేసింది.

ఇదేమీ ఎవరో తవ్వి తీసిన రహస్యం కాదు. అతను పోయిన మరుసటి ఏడు, 1974లో, ఆ పుస్తకం అచ్చయింది. ఎన్నో భాషల్లోకి వెళ్లింది. చదివినవాళ్లలో ఎక్కువమంది ఆ పేజీని కూడా మిగతా పేజీల్లాగే తిప్పేశారు. 2018లో శాంటియాగో విమానాశ్రయానికి నెరూడా పేరు పెట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు చిలీ మహిళా ఉద్యమకారులు ఆ పేజీ ముందుపెట్టి వ్యతిరేకించారు. నలభై ఏళ్లకు పైగా అందరి కళ్లముందూ ఉన్నదే. వాక్యం అందంగా ఉంటే మనం ఎంత సులువుగా లొంగిపోతామో చూడు. అందుకే చెబుతున్నాను, ఎదుటి మనిషి బాధ ఉన్న చోట నీ వాక్యం మరీ అందంగా వచ్చిందంటే అక్కడ ఆగి అనుమానించు.

ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ 1944లో సాల్వడార్ డాలీ మీద ఒక వ్యాసం రాశాడు. డాలీ మంచి చిత్రకారుడు, డాలీ రోత పుట్టించే మనిషి, ఈ రెండు సంగతులూ బుర్రలో ఒకేసారి పట్టాలి, ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యకూడదు అంటాడు. షేక్‌స్పియర్ ఇవాళ తిరిగొచ్చి పసిపిల్లలను చెరచడమే తన సరదా అంటే, పోనీలే ఇంకో 'కింగ్ లియర్' రాస్తాడేమో అని ఊరుకుంటామా అని అడుగుతాడు. నేనూ అలాగే రెండు లెక్కలు విడిగా పెట్టుకుంటాను. ఒకదాంట్లో జమపడింది రెండోదాంట్లో అప్పు తీర్చదు. నెరూడా ప్రేమ కవితల వల్ల ఆ తమిళ స్త్రీకి ఒరిగిందేమీ లేదు. అలాగే ఆమెకు జరిగిన అన్యాయం ఆ కవితలను చెత్త కవితలు చెయ్యదు. ఈ రెండింటినీ కూడి, తీసి, చివరికి ఒక్క అంకె తేల్చాలనుకునేవాళ్లు ఎప్పుడూ ఏదో ఒక వైపు అబద్ధం చెప్పాల్సి వస్తుంది.

వాల్మీకి కథ మనందరికీ చిన్నప్పుడే చెబుతారు. దోచుకొచ్చిన సొమ్ము తిన్న ఆలుబిడ్డలను, నా పాపంలోనూ పాలు పంచుకుంటారా అని బోయవాడు అడిగితే, పంచుకోం పొమ్మన్నారు. పాఠకులుగా మనదీ అదే మాట. కవిత్వం మాకు, పాపం నీకు. అది తప్పని అనను, ఆ పాపం మనం చేసింది కాదు. కానీ ఆ కథలో రెండో సగం కూడా ఉంది. ఆ జవాబు విన్నాక అతను దారి దోపిడీ మానేశాడు. కావ్యం ఆ తర్వాత వచ్చింది. దోచుకుంటూనే రామాయణం రాశాడని ఎవరూ చెప్పలేదు.

పోయినవాళ్ల సంగతి ఇంతటితో సరిపోతుంది. బతికున్నవాళ్ల దగ్గరే అసలు చిక్కు. 'కళ వేరు, కళాకారుడు వేరు' అన్న మాట ఎవరి నోట, ఎప్పుడు వస్తుందో గమనించు. చాలాసార్లు ఒక అమ్మాయి ధైర్యం చేసి 'ఆయన నాతో ఇలా ప్రవర్తించాడు' అన్నప్పుడే వస్తుంది. పుస్తకం ముందు కూర్చున్న పాఠకుడు ఆ మాట అంటే దానికి అర్థం ఉంది. కానీ ఆ పెద్దమనిషినే సభకు అధ్యక్షుడిని చేసి, అవార్డు కమిటీలో కూర్చోబెట్టి, కొత్తగా రాస్తున్న పిల్లల వర్క్‌షాప్ అప్పగించినప్పుడు వేరు చేయడం ఎక్కడ జరిగింది? అక్కడికి వెళ్లేది కవిత కాదు కదా, మనిషే. చదవడం, చదవకపోవడం నీ ఇష్టం. అతనికి అధికారం ఇవ్వడం వేరే విషయం, దానికి సాహిత్య విలువలతో పని లేదు. ఆరోపణ వచ్చినంత మాత్రాన రుజువైనట్టు కాదన్నది నిజమే, విచారణ జరగాల్సిందే. అయితే 'అంత బాగా రాసేవాడు అలా చేస్తాడా' అనడం విచారణ అనిపించుకోదు. అంత బాగా రాసేవాళ్లు చేసిన దాఖలాలు కావలసినన్ని ఉన్నాయి.

ఇంకో మాట. నువ్వు చదవగలుగుతున్నావని అందరూ చదవాలని పట్టుబట్టకు. జర్మన్ సంగీతకర్త వాగ్నర్ యూదుల మీద విషం కక్కుతూ 1850లో మారుపేరుతో వ్యాసం రాశాడు, 1869లో అదే వ్యాసాన్ని సొంత పేరుతో అచ్చేశాడు. తర్వాతి కాలంలో అతని సంగీతం హిట్లర్‌కు ప్రాణం. ఇజ్రాయెల్‌లో ఆ సంగీతం వినిపించకూడదని చట్టమేమీ లేదు, అదొక కట్టుబాటు. 2001లో జెరూసలేంలో డేనియల్ బారెన్‌బోయిమ్ అనే వాద్యబృంద నిర్దేశకుడు, తనూ యూదుడే, కచేరీ ముగిశాక శ్రోతల వైపు తిరిగి వాగ్నర్ వాయించమంటారా అని అడిగాడు. హాల్లో పెద్ద వాదన జరిగింది. కొందరు కేకలేసి, కోపంగా లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్ల కోసం వాయించాడు. వెళ్లిపోయినవాళ్లకు సంగీతం తెలియక వెళ్లారనుకోకు. వాళ్ల చెవుల్లో ఆ స్వరాలతో పాటు ఇంకేవో మోగుతాయి. ఉన్నవాళ్లూ తప్పు చేయలేదు. అడిగి వాయించాడు చూడు, నాకు అది నచ్చింది.

ఇప్పుడు నీ ఉత్తరంలో నాకు టెన్షన్ పుట్టించిన వాక్యం దగ్గరికి వస్తాను. 'గొప్పగా రాయాలంటే లోపల కొంత చీకటి ఉండాలేమో' అన్నావు. ఉండనీ, చీకటి అందరి లోపలా ఉంటుంది. కానీ నువ్వు అడుగుతున్నది అది కాదనిపించింది. గొప్పవాడికి కాస్త క్రూరత్వం చెల్లుతుందా అని అడుగుతున్నావు.

ఇటలీ చిత్రకారుడు కరవాజియో 1606లో రోమ్‌లో ఒక మనిషిని చంపి పారిపోయాడు. 1608లో మాల్టాలో యోహాను శిరచ్ఛేదం చిత్రం వేశాడు. తెగిన మెడ నుంచి కారిన రక్తంలోనే తన పేరు రాసుకున్నాడు. అతను సంతకం చేసిన చిత్రం మనకు మిగిలింది అదొక్కటే. ఇది వినగానే హంతకుడి చెయ్యి కాబట్టే అంత గొప్ప బొమ్మ వేసింది అనిపిస్తుంది. కానీ తేదీలు చూడు. మత్తయిని క్రీస్తు పిలిచే ఆ చిత్రం, చీకటి గదిలో గోడ మీద ఏటవాలుగా వెలుగు పడే ఆ చిత్రం, 1600 నాటికే అయిపోయింది. హత్యకు ఆరేళ్ల ముందు. ఆ వెలుగూ నీడా ఎలా వెయ్యాలో అప్పటికే అతనికి వచ్చు. హత్య వల్ల అతనికి దక్కింది నాలుగేళ్ల పరుగు. క్షమాభిక్ష దొరుకుతుందన్న ఆశతో రోమ్‌కు తిరిగొస్తూ 1610లో దారిలోనే పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు. ఆ కత్తి ఒక మనిషి ప్రాణం తీసింది, అతను వెయ్యవలసిన బొమ్మలను మనకు లేకుండా చేసింది.

దీనికంటే కష్టమైనది ఆలిస్ మన్రో సంగతి. 2013లో నోబెల్ అందుకున్న రచయిత్రి. మనుషులు తమకు తాము చెప్పుకునే అబద్ధాలను ఆమెలా పట్టుకున్నవాళ్లు తక్కువ. 2024లో ఆమె పోయిన రెండు నెలలకు కూతురు ఒక పత్రికలో బయటపెట్టింది, తొమ్మిదేళ్ల వయసులో సవతి తండ్రి తనను లైంగికంగా వేధించాడని. 1992లో తల్లికి ఉత్తరం రాసి చెప్పింది. తల్లి కొన్నాళ్లు దూరంగా ఉండి, మళ్లీ ఆ భర్త దగ్గరికే వెళ్లింది. 2005లో అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అప్పుడూ ఆమె అతన్ని వదల్లేదు. ఇప్పుడు ఇది చూడు. కూతురి ఉత్తరం వచ్చిన మరుసటి ఏడే, 1993లో, మన్రో 'వాండల్స్' అనే కథ అచ్చువేసింది. అందులో ఒక మగవాడు పొరుగింటి పిల్లలను పాడు చేస్తుంటాడు. అతనితో ఉండే ఆడమనిషి తమను కాపాడుతుందని ఆ చిన్నపిల్ల ఎదురుచూస్తుంది. ఆమె చూడదు. చూడకూడదని నిర్ణయించుకుంటుంది.

అంతా తెలుసు ఆమెకు. ఆ చూపు తిప్పుకోవడం ఎలా ఉంటుందో, పిల్ల మనసులో ఏం జరుగుతుందో, పెద్దయ్యాక ఆ కోపం ఎటు పోతుందో, కథలో ప్రతిదీ ఉంది. ఇంట్లో మాత్రం ఆ తెలివి అక్కరకు రాలేదు. రాయడం మనల్ని మంచివాళ్లను చేస్తుందని సభల్లో చెబుతుంటారు. నమ్మకు. రాయడం వల్ల చూపు పదునెక్కుతుంది. ఆ చూసినదాన్ని పట్టుకుని ఏం చేస్తావన్నది ప్రతిసారీ విడిగా, కాగితానికి బయట నిర్ణయించుకోవాల్సిందే. కాగితం మీద చెప్పేశాం కదా అని ఆ పని అయిపోయినట్టు అనిపిస్తుంది, అదే ప్రమాదం. ఆ కథను నేను ఇప్పటికీ గొప్ప కథే అంటాను. కానీ చదివినప్పుడల్లా ఆ కూతురు పక్కనే కూర్చున్నట్టుంటుంది, అలా ఉండడమే సబబు కూడా.

ఇక నీ కథ.

మీ అక్క విడాకుల సమయంలో నీకు పంపిన వాట్సాప్ మెసేజులు మూడు, అందులో యథాతథంగా పెట్టానని రాశావు. 'పేరు మార్చాను, ఎవరికీ తెలీదు' అన్నావు. అక్కకు తెలుస్తుంది కదా. రాబర్ట్ లోవెల్ అనే అమెరికన్ కవి తాను వదిలేసిన భార్య ఎలిజబెత్ హార్డ్‌విక్ రాసిన ఉత్తరాలను, అక్కడక్కడ మాటలు మార్చి, ఆమెను అడక్కుండానే కవితల్లో వాడుకున్నాడు. ప్రాణ స్నేహితురాలు, తనూ పెద్ద కవయిత్రి, ఎలిజబెత్ బిషప్ రాతప్రతి చదివి వద్దని వేడుకుంది. కవితలు అద్భుతంగా ఉన్నాయని ఒప్పుకుంటూనే, కళ అంత విలువ చేసేదేమీ కాదని 1972లో ఉత్తరం రాసింది. అతను కొంత సర్దాడు గానీ ఆపలేదు. పుస్తకం 1973లో వచ్చింది, 1974లో పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. బహుమతి వచ్చింది కాబట్టి అతనిదే సరైన నిర్ణయం అని నువ్వనుకుంటే, ఇందాకటి నుంచి రాసిందంతా వృథా.

నీ కథ బాగుంది. ఇప్పటిదాకా నువ్వు పంపినవాటిలో ఇదే మంచిది, అందుకే ఇంత చెబుతున్నాను. బాగా లేకపోతే ఈ సమస్యే రాదు. ఒక పని చెయ్యి. ఆ మూడు మెసేజులూ తీసేసి కథ నిలబడుతుందేమో చూడు. నిలబడకపోతే అందులో బలమంతా మీ అక్కది, నీది కాదు. నిలబడితే వాటి అవసరం నీకు లేదు. ఆ రాత్రి ఫోన్ చేతిలో పట్టుకుని, ఏం జవాబివ్వాలో తెలియక టైప్ చేసి చెరిపేస్తూ కూర్చున్న తమ్ముడున్నాడే, ఆ పేరా నీది. అక్కడ నువ్వు ఎవరినీ వాడుకోలేదు, నీ చేతకానితనాన్ని దాచుకోలేదు. కథ అక్కడి నుంచి మొదలుపెట్టి మళ్లీ రాయి.

రాశాక ముందు మీ అక్కకు పంపు. వద్దంటే ఆపెయ్యి, వాదించకు, ఎంత కళాత్మకంగా రాశావో వివరించకు. పత్రికకు ఇప్పటికే పంపేశానన్నావు కాబట్టి ఎడిటర్‌కు ఇవాళే ఫోన్ చేసి ప్రస్తుతానికి వేయొద్దని చెప్పు. కారణం అడిగితే ఇంకా పని మిగిలుందని చెప్పు, అది నిజమే. అక్క చదివి ఏమందో నాకు రాయి.

ప్రేమతో,
మీ అన్న