వెర్టూచీ టైపులు పిలకాయలకు ఎక్కాలంటే ముందు పన్ను చేతికివ్వండి

బీడీఎస్ (పళ్ల డాక్టరు చదువు) పిలకాయలు పంటి వేరులోని కెనాల్స్‌కు (పల్ప్ అనే మెత్తని కణజాలం ఉండే సన్నటి దారులకు) వెర్టూచీ ఇచ్చిన ఎనిమిది టైపులూ గడగడా చెబుతారు, పేషెంట్ ఎక్స్‌రే పెడితే ఒక్కటీ పట్టుకోలేరు, ఎలా నేర్పాలి అని అడిగారు. నన్నడిగితే టైపు నంబర్లతో మొదలుపెట్టడం దగ్గరే పాఠం దారి తప్పుతోంది. 1984లో వెర్టూచీ ఇచ్చిన ఎనిమిదీ దారి గుర్తులే. పల్ప్ ఛాంబర్ (పంటి పైభాగంలోని పల్ప్ గది) నుంచి అపెక్స్ (వేరు కొన) దాకా దిగుతూ ఎక్కడ ఎన్ని కెనాల్స్ కనబడితే అక్కడ ఆ అంకె వేసుకోవడమే: 1, 2-1, 1-2-1, 2, 1-2, 2-1-2, 1-2-1-2, 3. ఈ అంకెలు రాయడం వచ్చినవాడికి టైపు నంబరు ఎప్పుడైనా తగిలించవచ్చు.

ముందే నంబరు నేర్పితే, ఇవే కెనాల్స్‌కు వైన్ ఇచ్చిన ఇంకో టైపుల పద్ధతి దగ్గర బోల్తా పడతారు. 1969 నాటి ఆ పద్ధతిలో టైప్ 3 అంటే రెండు విడివిడి కెనాల్స్. వెర్టూచీకి అది టైప్ 4, ఆయన టైప్ 3 ఏమో 1-2-1. వైన్ పద్ధతిలో తర్వాత చేరిన టైప్ 4, వెర్టూచీలో టైప్ 5. పిలకాయ జవాబు పత్రంలో ఉత్త 'టైప్ 4' అని రాస్తే దిద్దేవాళ్లు దేన్ని ఒప్పుకోవాలి?

పాఠం కింది దవడ మొదటి ప్రీమోలార్‌తో (కోరపన్ను వెనకే ఉండే పన్ను) పెట్టండి. తిరుపతిలో, చిత్తూరులో క్లిప్పులు వేసే క్లినిక్ ఏదైనా సరే, మంచి ప్రీమోలార్లు పీకుతూనే ఉంటారు. పేషెంట్ ఒప్పుకోలు తీసుకుని అడిగితే ఇస్తారు. అడిగేవాళ్లు లేకే అవన్నీ బయో వేస్ట్ సంచిలో పోతున్నాయి. అపెక్స్ మూసుకున్న పళ్లే ఏరుకోవాలి, లేతవాటిలో కెనాల్ వెడల్పుగా ఉండి చీలిక తెలియదు. పన్ను ఎండిపోనివ్వద్దు. క్రిములు చావడానికి ఆటోక్లేవ్‌లో (ఆవిరి యంత్రం) 121 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు పెట్టాలి. అమాల్గమ్ (పాదరసం కలిసిన ఫిల్లింగ్) ఉన్న పన్ను మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, పాదరసం ఆవిరవుతుంది. అలాంటివి 10 శాతం ఫార్మలిన్‌లో రెండు వారాలు ఉంచాలి.

వెర్టూచీ లెక్కలో ఈ పంటికి 70 శాతం 1, 24 శాతం 1-2. ఆ 1-2 పన్ను ఎక్స్‌రే చూపించండి. పైన నల్లగా, వెడల్పుగా దిగిన కెనాల్ వేరు మధ్యకు వచ్చేసరికి ఉన్నట్టుండి మాయమవుతుంది. చీలిక అక్కడే. బక్కల్ (బుగ్గ వైపు) కెనాల్ నిట్టనిలువుగా దిగుతుంది, లింగ్వల్ (నాలుక వైపు) కెనాల్ దాదాపు అడ్డంగా పక్కకు తిరిగి వెళుతుంది. తిన్నగా ఉన్న ఫైల్ (కెనాల్‌ను గీకే సన్నటి పరికరం) ఎన్నిసార్లు పెట్టినా బక్కల్‌లోకే జారుతుంది. పది నంబరు కే ఫైల్ చివర ఒకటి రెండు మిల్లీమీటర్లు గట్టిగా వంచి, ఆ వంపును నాలుక వైపు తిప్పి, లింగ్వల్ గోడను రాసుకుంటూ దించాలి. కొన ఎక్కడో చిన్నగా తట్టుకుంటుంది. ఆ తట్టుడు వేలికి ఒకసారి తెలిసిందంటే 1-2 అనే అంకెను మళ్లీ చదవక్కర్లేదు.

తర్వాత అదే పన్నును పారదర్శకంగా మార్చి చూపాలి. తిన్నటి ఎక్స్‌రే ఒకటి, 20 డిగ్రీలు మీసియల్‌కు (పలువరస మధ్యగీత వైపు) జరిపింది ఒకటి తీయించి, ముందుగానే అంకెలు రాయించి పెట్టుకోండి. యాక్సెస్ (కెనాల్స్‌లోకి దిగడానికి పంటి పైన చేసే రంధ్రం) తెరిచి 5 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ఒక రోజు ఉంచితే పల్ప్ కరుగుతుంది. కుళాయి నీళ్లలో బాగా కడగాలి. హైపోక్లోరైట్ మిగిలిన పన్ను యాసిడ్‌లో పడితే క్లోరిన్ వాయువు వస్తుంది, ఇందులో అశ్రద్ధ పనికిరాదు. ఆరాక ఆరిఫైస్ (కెనాల్ నోరు) నుంచి సన్న సూదితో ఇండియన్ ఇంక్ ఎక్కించి, అపెక్స్ దగ్గర సక్షన్‌తో లాగి, రాత్రంతా ఆరనివ్వాలి. ఆపైన 5 శాతం నైట్రిక్ యాసిడ్‌లో మూడు రోజులు, రోజూ యాసిడ్ మారుస్తూ. మన ఎండాకాలం వేడికి అంతకంటే ముందే మెత్తబడుతుంది, కాబట్టి రోజూ క్రౌన్‌లోకి (చిగురు పైన కనబడే పంటి భాగం) గుండుసూది గుచ్చి చూడండి. సులువుగా దిగితే తీసేయాలి, వదిలేస్తే వేరు చితికిపోతుంది. నాలుగు గంటలు పారే నీళ్లలో కడిగి, 80 శాతం ఆల్కహాల్‌లో రాత్రంతా, 90లో గంట, 100లో మూడు గంటలు ఉంచాలి. ఆఖరున మిథైల్ సాలిసిలేట్‌లో వేస్తే నొప్పుల మందు వాసన మధ్య రెండు గంటల్లో పన్ను గాజులా మారి నల్లటి దారి బయటపడుతుంది. పాలరంగు మచ్చలు మిగిలాయంటే లోపల నీరు పూర్తిగా పోలేదని అర్థం. మళ్లీ ఆల్కహాల్‌కు వెళ్లాలి. నిల్వకు గాజు సీసా వాడండి, కొన్ని ప్లాస్టిక్‌లను ఈ ద్రవం తినేస్తుంది.

ఇన్ని రోజుల పని ఎందుకని రెడీమేడ్ యాక్రిలిక్ బ్లాకులు కొని ఊరుకునే చోట్లున్నాయి. ఒకే కెనాల్, ఒకే వంపు. ఫైలింగ్‌కు చేయి తిరగడానికి అవి చాలు, అనాటమీకి ఎందుకూ కొరగావు.

అంకె తెలిస్తే చేతిపని ఎలా మారుతుందో కూడా అక్కడే చెప్పాలి. 2-1లో ఒక కెనాల్‌లో గట్టాపర్చా కోన్ (కెనాల్ నింపే రబ్బరులాంటి పుల్ల) పెట్టి రెండోదాంట్లో ఫైల్ దించి తీస్తే కోన్ మీద గీత పడుతుంది, రెండూ కలిసే చోటు అదే. తిన్నగా ఉన్నదాన్ని పూర్తి లెంగ్త్ దాకా చేసి, రెండోదాన్ని కలిసే చోటికే ఆపాలి. రెండింటినీ అపెక్స్ దాకా గీకితే కలిసిన చోటు కింద అనవసరంగా వెడల్పవుతుంది, కోన్ బిగువుగా కూర్చోదు. కింది ఇన్సిజర్లలో (ముందు పళ్లు) తప్పిపోయేది ఎక్కువగా లింగ్వల్ కెనాల్. యాక్సెస్‌ను సింగ్యులమ్ (పంటికి నాలుక వైపు ఉండే ఉబ్బు) వైపు పొడిగిస్తే గాని దొరకదు. ఎక్స్‌రేలో కెనాల్ నీడ వేరు నడిమధ్యలో లేకపోతే రెండోది ఉందనుకునే వెతకాలి.

ఎనిమిది రకాలూ కనబడిన పన్ను వెర్టూచీకి ఒక్కటే, పై రెండో ప్రీమోలార్. తొమ్మిదో రకం ఎదురైతే పిలకాయ ఏం రాయాలి? అహ్మద్ బృందం 2017లో ఇచ్చిన పద్ధతిలో ఆ చిక్కు లేదు. పంటి నంబరుకు ఎడమ పైన వేర్ల సంఖ్య, కుడి పైన కెనాల్ దారి. ఒకే వేరున్న 44లో (కింది దవడ కుడివైపు మొదటి ప్రీమోలార్ నంబరు) 1-2 ఉంటే ఎడమన 1, కుడిన 1-2. అందుకే వైవాలో కూడా టైప్ ఎంత అని అడక్కుండా, ఎక్స్‌రే చేతికిచ్చి దారి రాయమనండి. దారి సరిగ్గా ఉండి టైపు నంబరు మర్చిపోయినవాడికి మార్కులు కోయకండి.